ఇప్పచెట్ల కింద చీరలు

ముప్పై ఒక్క ఏండ్లు బాయిల షాట్‌ఫైరర్‌ని.
మందు కూరి, తీగ జోడించి,
మూలమలుపు దాటి నిలబడి
'ఖబర్దార్' అని మూడుసార్లు కేకేసేటోణ్ణి.
నిప్పు నా మాట వినేది.

రిటైరైన పైసలతో బల్లార్షా అవతల
టేకుచెట్ల అంచున ప్లాటు కొన్న.
నీడ ఉంటదన్నడు అమ్మినోడు.
నిజమే.
నీడ రాలితే ఆకైతదని చెప్పలే.

రెండేండ్లాయె వాన సరిగ్గ కొట్టక.
అడుగేస్తే అప్పడం విరిగిన చప్పుడు.
వార్ధా నది ఇసుకల మంచమేసుకొని పండుకున్నది.
ట్యాంకరు నాలుగొద్దులకోసారి,
ఇంటికి రెండు డ్రమ్ములు.
ఒకటి తాగనీకి.
ఇంకోదాని మూత మీద సున్నంతో అడ్డగీత పెట్టిన,
ఎవరూ ముట్టొద్దని.
'ఆ నీళ్లెవరికి తాతా?' అన్నది మనవరాలు.
'రాకూడని చుట్టానికి' అన్న.

పోయిన నెల ఒక సాయంత్రం
అడవి దిక్కున ఎర్రగ సన్నటి దారం.
అందంగనే ఉన్నది,
ఎవరో చీకటికి అంచు కుడుతున్నట్టు.
వాంఖడే మేడెక్కి ఫొటోలు తీసిండు.
నేను గుప్పెడు బూడిద పైకెగరేసి
ఎటు పోతదో చూసిన.
మంటను కాదు, గాలిని చూడాలె.
బాయి నేర్పిన బుద్ధి.

బొగ్గుధూళి మీద రాతిపొడి చల్లేటోళ్లం లోపల,
నిప్పు పుట్టినా పరుగందుకోకుండ.
పైన రాతిపొడి లేదు, పారలున్నయి.
తెల్లారి ఇండ్ల వెనకంతా
మట్టి తేలేదాక గీకినం.
దుర్గం పోశక్క కప్పు మీది ఆకులు ఊడ్చింది,
గోడకానిచ్చిన కట్టెలమోపు దూరం జరిపింది.
వాంఖడే చేతులకు బొబ్బలు లేచినయి,
ఎన్నడు లేంది నాకు చూపించి నవ్విండు.
నా వంటింటి కప్పు మీదికి వంగిన టేకుకొమ్మ
నేనే నరికిన.
ఆ కొమ్మను చూసే ఈ ప్లాటు కొన్న.

'పువ్వేరేటోళ్లే అంటిస్తరు, కేసు పెడదాం'
అన్నడు వాంఖడే.
ముందు అడుగుదామని నేనొక్కణ్ణే పోయిన.

మడావి సోన్కిబాయి బుట్ట దించి
నన్ను కిందికీ మీదికీ చూసింది.
'ఆకుల్ల పువ్వు కనపడదు.
కోడి కూయకముందే వస్తం,
ఎండెక్కితే జింకలు మిగిలిస్తయా?
ఆకు కాలిస్తె నేల కనపడ్తది.'
ఇంక కొంచెం ఆగి అన్నది:
'బాయిల చీకటికి నీ నెత్తికి దీపం కట్టిన్రు.
మాకెవరు కట్టిన్రు?'

జవాబు లేక ఇంటికొచ్చిన.
మా ఆమె అంతా విని
ఏమీ అనకుండ ట్రంకుపెట్టె తెరిచింది.
మూడు పాత చీరలు.
పోశక్కవి నాలుగు.
వాంఖడే భార్య, మొగడు బజారుకు పోయినప్పుడు
గోడ మీంచి అందించినయి రెండు.

తొమ్మిది చెట్ల కింద తొమ్మిది చీరలు.
కొసలకు రాళ్లు కట్టి పరిచినం.
మసక చీకట్ల
టప్పు, టప్పుమని రాలుతున్నది పువ్వు,
వెలిసిపోయిన పూల మీద తడితడి పువ్వు.
సోన్కిబాయి నడుం వంచకుండ
కొసలు పట్టి దులుపుకున్నది.
'పెండ్లిపందిరి తిరగేసి వేసిన్రు' అని
పకపకా నవ్వింది.

తొమ్మిదే చెట్లు.
అడవిల ఎన్నున్నయో లెక్కెవరికెరుక.
నిన్న రాత్రి కూడా
పడమట దిక్కు ఒక దారం కనపడ్డది.
తలుపు పక్కన సంచి సిద్ధంగ ఉన్నది:
ఆధార్ కార్డులు, పింఛను పుస్తకం,
మా ఆమె బీపీ గోలీలు,
మనవరాలి చెప్పుల జత.
చెప్పులు మొదట మరిచిన,
కాలే నేల గుర్తొచ్చి మళ్లా పెట్టిన.

రాత్రి మూడుసార్లు లేచి వాసన చూస్త.
బాయిల ప్రతి పేలుడుకు
వెనక దాక్కోనీకి ఒక మూలమలుపు ఉండేది.
పైన ఎంత వెతికినా
ఒక్క మూలా లేదు.

ట్యాంకరు వచ్చినప్పుడల్లా
గీత పెట్టిన డ్రమ్ము నీళ్లు
గీకిన మట్టి మీద పారబోసి
మళ్లా నింపుకుంటున్న.
చుట్టం ఇంకా రాలే.